పోలమ్మ ఆకులో మొహింగా

అసిరయ్యని రంగం గురించి ఎవరూ అడగక్కర్లేకపోయేది. అడక్కపోయినా చెప్పేవాడు. టాటానగర్ బారిడీహ్ క్వార్టర్లలో అతని నోటివెంట ఆ కబుర్లు వినని తెలుగువాడు లేడు. రంగూన్ అని పేపర్లవాళ్ళు రాసుకుంటారు గాని శ్రీకాకుళం జిల్లావాళ్ళకి అది ఎప్పుడూ రంగమే. అసిరయ్య పుట్టింది అక్కడే, నదికి అవతలి ఒడ్డున డల్లాలో. తండ్రి బియ్యం మిల్లులో కూలీ. అరవైనాలుగులో బర్మాలో బతుకు కష్టమై మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చేసినప్పుడు అతనూ విశాఖపట్నంలో దిగాడు. ఒళ్ళయితే దిగింది గాని నాలుక ఇంకా దిగలేదని తన మీద తనే వేళాకోళం చేసుకునేవాడు.

పొద్దున్నే డల్లా రేవులో, పడవ దిగేవాళ్ళ కోసం బర్మా ఆడవాళ్ళు కావిళ్ళు దించుకుని కూచునేవారట. ఆ కావిళ్ళలో ఉండేది మొహింగా. ఇక్కడి మాగుర్‌ల్లాంటి మీసాల చేపలు ఉడికించి, ముళ్ళు తీసి, అరటిదూట ముక్కలు వేసి కాచిన చిక్కటి పులుసు. బియ్యప్పిండితో ఒత్తిన సన్నటి తీగల మీద ఆ పులుసు పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇస్తారు. కొబ్బరిపాలలో కోడికూర కలిపి గోధుమ తీగల మీద పోసే ఖౌస్వే వేరు. మాండలే నుంచి వచ్చినవాళ్ళు లావుపాటి తీగలకి శనగపిండి పట్టించి చేత్తో కలిపేది వేరు. చైనా బజార్లో బాతుగుడ్డు కొట్టి ఇనప మూకుడులో ఎగరేసేవి ఇంకా వేరు. అన్నిటినీ ఒక్క గాట కట్టి ఇక్కడి పిల్లలు నూడుల్స్ అనేస్తారని అసిరయ్యకి మహా మంట. "ఇడ్లీనీ అట్టునీ కలిపి పిండి అంతారేటి?" అని కార్ఖానాలో తోటి ఖలాసీలతో దెబ్బలాడేవాడు.

ఈ కబుర్లన్నీ అందరికంటే ఎక్కువ విన్నది పెళ్ళాం పోలమ్మ. ఆమెది పలాస అవతల సముద్రపొడ్డు పల్లె. రంగం మాట దేవుడెరుగు, పెళ్ళయి టాటానగర్ వచ్చేదాకా రైలు కూడా ఎక్కలేదు. నోట్లో నాలుక లేని మనిషని ఇరుగుపొరుగు అనుకునేవారు. మొగుడు చెప్పిన కబుర్లు పట్టుకునే మొహింగా వండింది. మొదట్లో పళ్ళెం అతని ముందు పెట్టి, వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి అడిగేది.

"ఇదేనా?"

అసిరయ్య ఓ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. రంగం దాకా వెళ్ళి చూసి వచ్చినవాడిలా కాసేపటికి కళ్ళు తెరిచి, "ఇది కాదు" అనేవాడు. పోలమ్మ మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయేది.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. ఓ ఆదివారం మాత్రం కళ్ళు మూసుకున్నవాడు తెరవకుండానే తిన్నాడు. పళ్ళెం ఖాళీ చేసి, "ఇదే" అన్నాడు. ఈ తీగలు ఎక్కడివే అని అడిగితే, "బిష్టుపూర్ చీనా వోటల్లో తెచ్చినాను" అంది. అతను మళ్ళీ అడగలేదు. వంటింట్లో అడుగుపెట్టే రకం కాదు. ఆవేళ్టినుంచి ఆఫ్ దొరికిన ప్రతి ఆదివారం ఆ ఇంట్లో మొహింగాయే. చేపలు తెచ్చి పడెయ్యగానే పోలమ్మ మొగుణ్ణీ కొడుకునీ ఏదో ఒక వంక పెట్టి మంగలి దగ్గరికో సంతకో తరిమేసేది. వాళ్ళు తిరిగొచ్చేసరికి పళ్ళేలు పెట్టేసి ఉండేవి.

ఎనభై అయిదులో పోలమ్మ కామెర్లతో పోయింది.

ఆమె పోయాక అసిరయ్య రంగం కబుర్లు మానేశాడు. చెప్పబోతే మాట ఎటో పోయేది. మొహింగా అనుకోగానే ఇదివరకు డల్లా రేవు, మంచులో పడవలు కళ్ళముందుకొచ్చేవి. ఇప్పుడు వంటింటి గుమ్మం, గరిటె పట్టుకున్న చెయ్యి, చెమట పట్టిన నుదురు వస్తున్నాయి. రంగం మీద ఇన్నేళ్ళూ పెట్టుకున్న బెంగంతా చెప్పాపెట్టకుండా ఇల్లు మారి పోలమ్మ మీదికి వచ్చి కూచుంది. డ్యూటీ నుంచి వచ్చి తాళం తీస్తుంటే ఆ పులుసు వాసన వచ్చినట్టే ఉండేది. తలుపు తీస్తే ఏ వాసనా ఉండేది కాదు. ఒక్కోరోజు గుమ్మంలోనే కూలబడి ఏడ్చేవాడు.

ఏడాది దగ్గరకొచ్చింది. వాళ్ళ కులంలో ఏడాదినాడు పోయినవాళ్ళకి ఆకు వేస్తారు. బతికుండగా ఏది ఇష్టంగా తిన్నారో అది వండి, ఆకులో వడ్డించి, దీపం పెట్టి, గది తలుపు దగ్గరికేసి అందరూ బయట కూచుంటారు. చుట్ట కాల్చేవాడికి చుట్ట, కల్లు తాగేవాడికి ముంతెడు కల్లు. ఇష్టమైంది పడకపోతే పోయినవాళ్ళు ఆకు ముట్టరని, ఆకలితోనే మళ్ళిపోతారని నమ్మకం. తరవాత ఎన్ని పెట్టినా మొదటి ఏడాది ఆకే అసలైన ఆకు. అందుకని అసిరయ్యకి ఒకటే పట్టుదల. పోలమ్మ ఆకులో మొహింగా పడాలి. ఆదివారం ఆదివారం చేతులు కాల్చుకుని చేసుకున్న వంట కదా, అంతకంటే ఇష్టమైంది ఇంకేముంటుంది? పులుసు ఎలాగో కాయించుకోవచ్చు. కావలసింది ఆ తీగలు, అచ్చం అవే.

సంచీ పట్టుకుని బిష్టుపూర్ వెళ్ళాడు.

చైనావాళ్ళ హోటలు అప్పుడే తెరిచారు. గల్లాపెట్టె దగ్గర ముసలాయన కూచుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. పేరు లియాంగ్. పుట్టింది కలకత్తాలో, మాట్లాడేది మనకంటే మంచి హిందీ. అసిరయ్య వచ్చిన పని చెప్పాడు. "నా భార్య ఇన్నేళ్ళూ తీగలు మీ దగ్గరే కొనేది. నల్లగా, పొట్టిగా ఉంటుంది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు."

లియాంగ్ తల అడ్డంగా ఊపాడు. "మేం వండిపెట్టేవాళ్ళమే గాని పచ్చివి అమ్మం, భాయ్. అలాంటి ఆవిడ ఎప్పుడూ రాలేదు."

"మీరు లేనప్పుడు వచ్చిందేమో."

"నేను లేని రోజు ఉండదు."

అయినా కాదనలేక లోపలికి తీసుకెళ్ళాడు. గుడ్డు కలిపిన మైదా తీగలు కర్రల మీద ఆరుతున్నాయి. పెసల పిండితో చేసినవి, ఉడికిస్తే గాజులా అవతలిది కనబడేవి, ఓ డబ్బాలో ఉన్నాయి. ఇంకో డబ్బాలో బల్లపరుపుగా, రిబ్బనుల్లాంటి బియ్యపు తీగలు. వాళ్ళ కొత్త సంవత్సరానికని కలకత్తా నుంచి తెప్పించుకున్నవట. ఒక్కో రకం కొంచెం ఉడికించి గిన్నెలో వేసి ఇచ్చాడు. అసిరయ్య ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాడు, ప్రతిసారీ తెరిచాడు.

"మీ ఆవిడవి ఎలా ఉండేవి?"

"గుండ్రంగా ఉండేవి. ఇలా సాగేవి కాదు. పంటి కింద పడగానే విరిగిపోయేవి. రవంత పులిసిన వాసన."

లియాంగ్ వెల్లుల్లి చేతులు తుడుచుకున్నాడు. "అవి కొన్నవి కాదు భాయ్. ఇంట్లో ఒత్తినవి. మీ ఇంట్లో ఎవరు ఒత్తేవారు?"

"పోలమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు" అన్నాడు అసిరయ్య, కొంచెం కోపంగానే.

ముసలాయన తన సంగతి చెప్పుకొచ్చాడు. వాళ్ళమ్మ చిన్నప్పుడే చైనా వదిలి వచ్చేసిందట. వాళ్ళ ఊళ్ళో చేసే తీగలు తినాలని జీవితమంతా కొట్టుకుపోయిందట. తను ప్రతి కొత్త సంవత్సరానికీ చేసిపెట్టేవాడట. "పోయేదాకా ఇది కాదనే అంది. నేను ఆ ఊరు చూడలేదు, నాకేం తెలుస్తుంది? ఒక్కసారి, ఉత్తుత్తికేనా సరే, ఇదే అని ఉంటే బాగుండేది" అన్నాడు. అసిరయ్య నమస్కారం పెట్టి బయటపడ్డాడు.

ఆ తరవాత కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు తిరిగాడు. పోలమ్మ చీనా అంది గాని ఏ హోటలో సరిగ్గా చెప్పలేదేమో అనుకుని సాక్చి బజారంతా గాలించాడు. గోవింద్‌పూర్‌లో ట్రక్కుల కార్ఖానా గేటు కాసే గూర్ఖా ఒకడు తెలిసినవాడు. వాళ్ళావిడ తీగలతో ఏదో చేస్తుందని విని అక్కడికీ వెళ్ళాడు. ఆమె తుక్పా పెట్టింది. మాంసం ముక్కలు, ముల్లంగి, వెడల్పు తీగలు, పైన పొగలు కక్కే రసం. రుచిగానే ఉంది. కానీ అది చలికి ఒణికేవాళ్ళ తిండి. రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

కొడుకు ఆదిబాబుకి ఇదంతా పిచ్చిగా అనిపించింది. గమ్హరియాలో ఓ చిన్న షెడ్డులో లేతు మీద పని నేర్చుకుంటున్నాడు వాడు. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తాడు. ఓ సాయంత్రం పసుప్పచ్చ ప్యాకెట్టు తెచ్చి తండ్రి ముందు పడేశాడు.

"బాబూ, యే భీ తో నూడుల్ హై. దో మినట్ మే హో జాయేగా."

"మీయమ్మకి రెండు నిమసాల తిండి పెడతావురా?"

"తో క్యా కరేఁ? అమ్మా హోతీ తో పూఛ్ లేతే" అన్నాడు వాడు. అమ్మ ఉంటే అడిగేవాళ్ళం అన్న ఆ మాటకి అసిరయ్య ప్యాకెట్టు తీసి కొడుకు చేతిలో పెట్టేశాడు. తల్లి తీగలు ఎక్కణ్ణించి తెచ్చేదో వాడికీ తెలీదు. తెలియనిస్తే కదా.

ఇంక గడువు లేదు. అసిరయ్య మళ్ళీ లియాంగ్ దగ్గరికి వెళ్ళి, కలకత్తా బియ్యపు తీగలే బతిమాలి తెచ్చుకున్నాడు. రిబ్బనుల్లా ఉంటేనేం, బియ్యమే కదా. అవి పట్టుకుని పక్క క్వార్టరు జోగమ్మ దగ్గరికి వెళ్ళాడు. జోగమ్మ మొగుడిది కార్ఖానా కోక్ ఓవెన్‌లో పని. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పోలమ్మ పోయినప్పుడు మాత్రం ఈ క్వార్టర్లన్నిటిలో గుండెలు బాదుకుని ఏడ్చింది ఆవిడొక్కతే. అసిరయ్య వెళ్ళేసరికి వాకిట్లో కూచుని బియ్యం ఏరుతోంది.

"సెల్లీ, ఎల్లుండికి రవంత సేపల పులుసు కాసి పెట్టాల. మీ వొదినకి మొహింగా ఆకులో ఎయ్యాల" అన్నాడు.

"కాత్తాను అన్నియ్యా. ఆ సంచీలో ఏటి?"

"తీగలు. మీ వొదిన చీనావోడి దగ్గిర తెచ్చీది సూడు, అవి దొరకనేదు. అలాటివే ఇవి."

జోగమ్మ సంచీ విప్పి చూసింది. చేట పక్కన పెట్టేసింది. లోపలికి వెళ్ళి, అటక మీంచి ఏదో దించుకుని వచ్చి అతని ముందు ఠపీమని పెట్టింది. కర్ర జంతికల గొట్టం. పిడి అరిగి నున్నగా అయిపోయింది. అడుగున ఇత్తడి బిళ్ళకి చాలా సన్నటి చిల్లులు.

"ఒట్టు ఏయించుకున్నాది గాబట్టి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఆ చీనా పుల్లలు మా వొదిన ఆకులో ఏత్తానంతే ఊరుకోను. ఆయమ్మ చీనావోడి గుమ్మం ఎప్పుడూ తొక్కనేదు. బియ్యం నానబెట్టి, పులవబెట్టి, రుబ్బి, ఈ గొట్టంలో ఏసి, మసిలీ నీళ్ళలోకి ఒత్తీది. మా వంటింట్లో. నాను గిన్ని పట్టుకుంతే ఆయమ్మ ఒత్తీది. మీ ఇద్దర్నీ మంగలోడి దగ్గిరికి తోలీసి."

అసిరయ్య గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. "మరి చీనా వోటలని ఏల సెప్పింది?"

"సెప్పక ఏటి సేత్తాది? కొత్తలో ఈ గొట్టంతోటే ఒత్తి పెట్టింది గదా. నీతోటి ఓడ దిగినోళ్ళు నలుగురు బోజినానికొచ్చినారట. ఆళ్ళ ముందల ఏటన్నావో గుర్తునేదేటి? జంతికల గొట్టంతో ఒత్తితే మొహింగా అయిపోద్దేటే, పల్లెటూరి మొకమా అని నవ్వినావట."

గుర్తుంది. ఇంతసేపూ లేదు గాని ఇప్పుడు గుర్తొచ్చింది. నలుగురూ నవ్వారు. పోలమ్మ కూడా నవ్విందనే అనుకున్నాడు. ఆమె పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది, అంతే చూశాడు.

"అదే పిండి, అదే గొట్టం" జోగమ్మ ఆగలేదు. "చీనావోడివి అన్నాక నీకు రంగం రుచొచ్చీసినాది. నిమ్మకాయ వాసనేసీ గెడ్డి అన్నావట, అది ఇక్కడెక్కడ దొరుకుద్ది? నిమ్మాకులు నలిపి ఏసీది. అరటిదూట అన్నావు. మా దేశంలో దూటకి ఆవ పెట్టి వండుతాం, ఆయమ్మ అలాగే ఆవ పెట్టీసింది. ఆరోజే నువ్వు ఇదే అన్నావు. పరిగెట్టుకుంటా వచ్చి నాకు సెప్పి ఒకటే నవ్వు. అది రంగం రుచి కాదన్నియ్యా. ఆయమ్మ కన్నతల్లి సేతి రుచి."

అసిరయ్య గొట్టం ఒళ్ళో పెట్టుకుని పిడి నిమురుతూ కూచున్నాడు. నీళ్ళొచ్చి కళ్ళు మసకబారాయి. రంగం రంగం అంటూ ఇన్నేళ్ళూ తిన్నది పలాస అవతలి పల్లె వంట. ఊరంతా గాలించి వెతికింది పక్కింటి అటక మీద ఉంది. సిగ్గేసింది. దాంతోపాటే కొంచెం సంతోషం కూడా వేసింది, ఎందుకంటే ఇప్పుడా రుచి దొరికినట్టే.

"అయితే ఇంకేటి. ఈ గొట్టంతోటే ఒత్తుదాం. నువ్వు సెప్పు, నాను ఒత్తుతాను. దాని ఆకులో అదే ఏద్దాం."

జోగమ్మ అతనికేసి చూసింది. ఈసారి కోపంగా చూడలేదు.

"ఎవులికి ఏత్తావు అన్నియ్యా? ఆయమ్మ అది ఒక్కనాడేనా తిన్నాదేటి?"

"మా తరవాత తినీది గదా."

"పులుసు అన్నంలో కలుపుకుని తినీది. తీగలు గొంతుకు దిగవనీది. నీకోసరం ఒత్తీదే గాని నోట్లో ఎట్టుకోనేదు. నువ్వు సెయ్యి కడుక్కున్నాక ఎనక్కి తిరిగి ఎప్పుడేనా సూసినావా?"

చూడలేదు. చెయ్యి కడుక్కుని, వాకిట్లో మంచం వాల్చుకుని, బీడీ ముట్టించి, ఎవడు దొరికితే వాడికి రంగం కబుర్లు చెప్పేవాడు. లోపల పోలమ్మ ఏం తింటోందో చూడ్డానికి గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి తినడానికి ఏది ఇష్టమో తెలీదని అప్పుడు తెలిసింది. ఎల్లుండే ఏడాది.

"మరి దానికేటిష్టం?" అన్నాడు.

"నన్నడుగుతున్నావు సూడు" అంది జోగమ్మ. చీరచెంగుతో మొహం తుడుచుకుంది. "సోడంబలి."

అసిరయ్య తల ఎత్తాడు.

"పులిసిన సోడంబలి. కాల్చిన ఎండు నెత్తళ్ళు, పచ్చి ఉల్లిపాయి. నువ్వు డూటీకి ఎల్నాక మా ఇంటికొచ్చి, అదుగో, ఆ గోడవార కూకుని తాగీది. కొత్తలో మీ ఇంట్లో కాసిందట. రంగంలో బతికినోడి ఇంట్లో అంబలేటి, కూలోళ్ళ తిండి అని గిన్ని తోసీసినావట. మరింక మీ ఇంట్లో కాయనేదు."

అది మాత్రం ఎంత గింజుకున్నా అసిరయ్యకి గుర్తు రాలేదు. ఎప్పుడన్నాడు, ఏ గిన్నె, ఎక్కడ పడింది, ఏదీ గుర్తు లేదు. గుర్తుంటే బాగుండును. పోలమ్మ మొహం ఆ క్షణాన ఎలా ఉందో కనీసం చూసినట్టయినా ఉండేది.

మర్నాడు ఆదివాసీ ఆడవాళ్ళు అమ్మకం పెట్టే సంతకి వెళ్ళాడు. చోళ్ళని, అంటే రాగుల్ని, ఇక్కడ మడువా అంటారు. పిండి పట్టించి తెచ్చాడు. సాయంత్రమే కలిపి పులవబెట్టాలని జోగమ్మ చెప్తే కలిపి పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వంటింట్లో పీట వేసుకుని కూచున్నాడు. ఆ పీట మీంచి చూస్తే వాకిట్లో మంచం తిన్నగా కనిపిస్తుంది. పోలమ్మ ఇక్కడ కూచునే అన్నీ వినేదన్నమాట. ఆదిబాబు గుమ్మంలో నిలబడి వింతగా చూశాడు.

ఏడాదినాడు పొద్దున్నే అంబలి కాశాడు. మొదటిది అడుగంటింది, పారబోసి మళ్ళీ కాశాడు. నెత్తళ్ళ చేపలు నిప్పుల మీద కాల్చాడు, వేళ్ళు కూడా కాల్చుకున్నాడు. జోగమ్మ పక్కన నిలబడి చెప్తోందే గాని చెయ్యి వెయ్యలేదు. ఏడాదికి వచ్చిన నలుగురికీ ఆవిడే తీగలు ఒత్తి మొహింగా చేసింది. అసిరయ్య ఓసారి ఆ పులుసు వేలితో తీసి నాలిక మీద రాసుకున్నాడు. అదే. ఇన్నాళ్ళూ వెతికింది అచ్చంగా అదే. ముద్ద కలుపుకోబోయి లేచిపోయాడు.

ముందుగదిలో ఆకు వేసి, దీపం పెట్టి, పోలమ్మకని తెచ్చిన చీర పక్కన పెట్టారు. ఆకు మీద గుప్పెడు అన్నం, నెత్తళ్ళు, చితక్కొట్టిన ఉల్లిపాయ. ఆకు పక్కన కంచు గిన్నెతో అంబలి.

"మొహింగా నహీ డాలా?" అన్నాడు ఆదిబాబు.

"అది నాదిరా. ఇది మీయమ్మది."

తలుపు దగ్గరికేసి అందరూ వాకిట్లో కూచున్నారు. వచ్చినవాళ్ళలో తవిటయ్య అని పాత ఖలాసీ ఒకడున్నాడు. ఊరికే కూచోలేక, మనసు మళ్ళిద్దామని కాబోలు, "అసిరయ్యా, ఓ రంగం కబురు సెప్పరాదా" అన్నాడు. అసిరయ్య నోరు తెరిచాడు. డల్లాలో ప్రతి సందూ తెలుసు. ఏ మూల ఎవరు కావిడి దించేవారో, ఏ మెట్టు మీద నాచు ఉండేదో ఇప్పటికీ చెప్పగలడు. పోలమ్మ ఊరికి పెళ్ళినాడు వెళ్ళాడు, మర్నాడే వచ్చేశాడు. తాటాకు పందిరి తప్ప ఇంకేం గుర్తులేదు. తెరిచిన నోరు మూసేసి జోగమ్మ వైపు తిరిగాడు.

"సెల్లీ, మీ వొదిన ఊరి కబుర్లు నీకు సెప్పీది గదా. ఆ ఊర్లో ఏటుండీది?"

జోగమ్మ ఆలోచించింది. "ఇంటెనక జీడితోట ఉండీదట. సముద్రం హోరు ఇనకపోతే నిద్ర పట్టీది కాదట. వానొచ్చీ ముందు నీళ్ళు నల్లగా అయిపోతాయని సెప్పీది."

"ఇంకా?"

"అలల్లో నిలబడి ఏదో ఏరుకునీవారట. గవ్వలో, పీతలో మరి." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "అంతే అన్నియ్యా. నాకూ ఇంటిపని ఉండీది. ఆయమ్మ సెప్తా ఉంతే నాను మాత్రం అంతా ఇన్నానేటి?"

కాసేపటికి తవిటయ్య, "ఏళయింది, తలుపు తియ్యి" అన్నాడు.

అసిరయ్య లేచి తలుపు తోశాడు. దీపం ఇంకా వెలుగుతోంది. ఆకు మీద వేసినవి వేసినట్టే ఉన్నాయి. అంబలి చల్లారి పైన పొర కట్టింది. పులుపు సరిపోయిందో, చిక్కగా అయిందో పలచనయిందో, ఆ మాట చెప్పగలిగిన మనిషి ఒక్కతే. తినేవాళ్ళు చెప్పేదాకా వండినవాళ్ళు అలా నిలబడి ఉండాలని అతనికి ఇన్నాళ్ళకి తెలిసింది. లోపలికి అడుగు వెయ్యలేదు. కాలిన వేళ్ళు పంచెలో దాచుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పోలమ్మా" అన్నాడు మెల్లిగా. "ఇదేనా?"